కోత పండుగ వేలంలో నేను పాడుకున్న ప్రొటీన్ బార్లు

ముప్పై ఏళ్లు పరాయివాళ్ల కంచాల్లోకి తొంగిచూసి జీతం తీసుకున్నాను. డైటీషియన్ ఉద్యోగమంటే అంతే. మొదట కడపలో, చివరి ఆరేళ్లు కర్నూలులోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, ఎవరేం తినాలో చెప్పాను, ఏం తినకూడదో అంతకంటే గట్టిగా చెప్పాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు ఫోన్ చేసి, "మేడమ్, మీ సర్వీసులో పెద్ద సక్సెస్ ఏది?" అని అడుగుతుంటారు. సక్సెస్‌ల సంగతి ఆస్పత్రి గోడల మీది ఫ్లెక్సీల్లో చదువుకోవచ్చు. నేను మాత్రం మీకు ఒక ప్రొటీన్ బారు సంగతి చెబుతాను. నా ముప్పై ఏళ్ల తెలివి ఆ బారు మొదటి ముక్కతోనే తెల్లారిపోయింది.

మా ఆస్పత్రిలో బరువు తగ్గించే ఆపరేషన్ల విభాగం తెరిచిన రోజు, రిబ్బన్ కత్తిరించడానికి వచ్చిన పెద్దమనిషి ఒక అంతస్తు ఎక్కలేక లిఫ్టు కోసం పావుగంట నిలబడ్డాడు. మితాహారం గురించి ఉపన్యాసం చెప్పి, కింద బిర్యానీ తిని వెళ్లాడు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఆ సుఖం లేదు. వాళ్ల పొట్టను చిన్న సంచిలా చేసి, పేగును దానికి కలుపుతారు. ఆ తర్వాత నాలుగు ముద్దలు పట్టడం కూడా కష్టమే. పట్టిన ఆ కాస్తలోనే రోజుకు అరవై గ్రాముల ప్రొటీన్ లోపలికి పోవాలి. పోకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, జుట్టు ఊడుతుంది, కాళ్లకు నీరు పడుతుంది. చాలామందికి గుడ్డు వాసన పడదు, మాంసం ముక్క దిగదు. అందుకని రెండు మూడు నెలలు దాటినవాళ్లకు పూటకు సగం చొప్పున ప్రొటీన్ బారు రాసేవాళ్లం.

ఏ బారు రాయాలో తేల్చడానికి ఐదుగురితో కమిటీ వేశారు. సర్జన్, మార్కెటింగ్ మేనేజరు, ఫార్మసీ ఇన్‌చార్జి, అకౌంట్స్ ఆఫీసరు, నేను. శాంపిళ్లు వచ్చాయి. ఎవరి వాటా వాళ్లు పిల్లల కోసమని సంచుల్లో వేసుకుని ఇళ్లకు తీసుకుపోయారు. తిన్నవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి ఒక బారును ఎన్నుకున్నాం, దాని రేపరు మీద కొండెక్కుతున్న మనిషి బొమ్మ బాగా వచ్చిందని. ఫారంలో "రుచి" అని ఒక గడి ఉంది. దాన్ని నింపే బాధ్యత డైటీషియన్‌దట. "బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. అప్పటికి నా బారు హ్యాండ్‌బ్యాగులో సీలు కూడా విప్పకుండా ఉంది.

ఇక నా వైద్యం సంగతి. నేను తిట్టేదాన్ని. ఓపీలో నా గది ముందు పేషెంట్లు గుసగుసగా కూడా మాట్లాడేవారు కాదు. దాన్ని నేను గౌరవమనుకునేదాన్ని. తలుపు తెరిచే పెట్టి తిట్టేదాన్ని, లోపల ఒకరికి పడితే బయట పదిమంది బాగుపడతారని నా సిద్ధాంతం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత నన్ను చూసే పుట్టిందని మా నర్సులు అనుకునేవారట. ఆ మాట రిటైరయ్యాక తెలిసింది.

నా పేషెంట్లలో ఒకామె డోన్ దగ్గర ఒక పల్లె నుంచి వచ్చేది. నలభై దాటిన మనిషి. పెళ్లిళ్లకు, చర్చి విందులకు వంట చేయడం ఆమె పని. మూడువందల మందికి వండినా ఉప్పు నోట్లో వేసి చూడదని, ఆవిరి వాసన పట్టి "ఇంకో పిడికెడు పడాల" అని చెబుతుందని ఆమె భర్త నాతో గర్వంగా అన్నాడు. ఒళ్లు పెరిగి, మోకాళ్లు అరిగి, పొయ్యి ముందు పది నిమిషాలు కూడా నిలబడలేక ఆపరేషన్‌కు వచ్చింది. మొదటిరోజు నన్ను అడిగింది ఒక్కటే.

"మళ్లా పొయ్యికాడ నిలబడతానా మేడం?"

"నేను చెప్పినట్టు వింటే నిలబడతావు," అన్నాను.

నేను చెప్పినట్టే వింది. కనీసం కాగితం అలాగే చెప్పింది. మేం ఇచ్చే డైట్ చార్టులో పూటపూటకూ గళ్లుంటాయి, తిన్నది టిక్కు పెట్టుకుని నెలనెలా తేవాలి. ఆమె చార్టులో ఒక్క గడి ఖాళీ ఉండేది కాదు. అన్నీ ఒకే ఇంకు, ఒకే వాటం. ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదని ఆ చార్టును జూనియర్లకు చూపించాను.

ఆరో నెలలో గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. బరువు బాగా తగ్గింది, కానీ పాదాలు వాచి చెప్పుల పట్టీలు పట్టడం లేదు. పాపిట దగ్గర తల కనిపిస్తోంది.

"బారు తింటున్నావా?"

"తింటాండా మేడం. దినామూ రెండుసార్లు."

"ఎట్లుంది?"

"బాగుండాది మేడం."

రక్తపరీక్షలో ప్రొటీన్ అడుగంటింది. సర్జన్ నన్ను పిలిపించాడు. "డైట్ మీరే చూస్తున్నారు కదా మేడమ్? ఇంకో నెల ఇలాగే ఉంటే అడ్మిట్ చేసి ముక్కులోంచి ట్యూబు వేయాలి. అప్పటికీ లేవకపోతే చేసిన ఆపరేషన్ విప్పాలి. ఈ ఒంటితో రెండో ఆపరేషన్ తట్టుకుంటుందో లేదో నేను చెప్పలేను," అన్నాడు.

తిన్నది ఒంటికి ఎందుకు పట్టడంలేదని అందరం తలలు పట్టుకున్నాం. ఆమె పేగుల్ని అనుమానించాం, లివర్‌ను అనుమానించాం, ల్యాబులో మిషన్‌ను అనుమానించి రెండోసారి రక్తం తీయించాం. నిండుగా ఉన్న ఆ టిక్కుల్ని మాత్రం ఎవరం అనుమానించలేదు.

ఆ తర్వాతి ఆదివారం మార్కెటింగ్ మేనేజరు నన్ను ఒక పల్లెకు పంపించాడు. అక్కడ చర్చిలో కోత పండుగ. ఆరాధన అయ్యాక అయిదు నిమిషాలు మైకు ఇస్తారు, ప్రొటీన్ గురించి చెప్పి మన ఆస్పత్రి పేరు మూడుసార్లు అనాలి, అదీ నా పని. ఆ ఊరి పేరు ఆమె ఫైలు మీద ఆరు నెలల నుంచీ ఉంది. నేను ఎప్పుడూ బరువు గడి తప్ప పైన చిరునామా చదివిన పాపాన పోలేదు.

కోత పండుగ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ఆ రోజు సంఘంలో ప్రతి ఇల్లూ తన పంటలోంచి దేవుడికి కానుక తెస్తుంది. జొన్న కంకులు, ఉల్లిగడ్డ మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, ఒకరిద్దరు పొట్టేళ్లు. పంట లేనివాళ్లు తమకున్నదాంట్లో మంచిది తెస్తారు. ప్రార్థన అయ్యాక వాటన్నిటినీ బయట షామియానా కింద వేలం వేస్తారు, వచ్చింది చర్చికి పోతుంది. నా ఉపన్యాసం దంచేసి ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాను. ఒక పొట్టేలు పోయింది, రెండు గుమ్మడికాయలు పోయాయి. తర్వాత వేలం వేస్తున్న సంఘ పెద్ద బల్ల మీద అట్టడబ్బాలు పేర్చాడు. ఎనిమిది ఉన్నాయి.

"ఇదేందో ఫారిన్ మిఠాయప్పా. శానా ఖరీదైందంట. సీలు గూడా ఇప్పలేదు. ఎవురు పాడతారు?"

డబ్బా మీద కొండెక్కుతున్న మనిషి ఉన్నాడు. పక్కన మా ఫార్మసీ చీటీ, చీటీ మీద పేషెంటు పేరు. నేను ఆడవాళ్ల వైపు తిరిగి చూశాను. తల మీద కొంగు కప్పుకుని ఆమె మూడో వరసలో కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగును ముక్కు దాకా లాక్కుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆరు నెలల టిక్కులన్నీ కళ్లముందు తిరిగాయి. ఈ సాక్ష్యం చేతిలో పెట్టుకుని రేపు ఓపీలో, తలుపు తెరిచి, దీని పని చెప్పాలనుకుని చెయ్యెత్తాను. మనవళ్ల కోసమని ఒక రిటైర్డు టీచరు నాతో పోటీ పడ్డాడు. ఆయన పాడినకొద్దీ నేను పెంచాను. ఒక డబ్బా నా పేరున కొట్టేశారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. సంఘ పెద్ద వేలం వేయడంలో ఆరితేరినవాడు. "మేడం గారు ఇందాక ప్రొటీనంటే ఏందో శానా బాగా జెప్పినారు. అదే అంట ఇది. మేడం ఒక తుంట తిని ఎట్లుండాదో మైకులో జెప్తే, మిగిలిన డబ్బాలు గూడా పోతాయి," అన్నాడు.

విప్పి కొరికాను. మొదట తీపి తగిలింది. ఆ తీపి వెనక ఇంకో తీపి వచ్చి నాలుక మీద కూర్చుని లేవలేదు. దాని కింద సుద్ద. నమిలేకొద్దీ ముక్క తగ్గాల్సింది పోయి పెరిగింది, అంగిట్లో అతుక్కుంది. మింగుదామంటే దిగదు, ఉమ్ముదామంటే రెండువందల మంది చూస్తున్నారు. నోటి ముందు మైకు ఉంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ రోజు అర్థమైంది.

"బాగుంది," అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. మిగిలిన ఏడు డబ్బాలూ నా మాట మీద పోయాయి. ఆ ఏడిళ్ల వైపు నేను మళ్లీ వెళ్లలేదు.

చర్చి వెనక కొళాయి దగ్గర నిలబడి నోరు కడుక్కుంటుంటే ఆమె చెంబు తీసుకొచ్చింది.

"ఇది మంచి నీళ్లక్కా. పుక్కిలించి ఊంచండి, లేకుంటే సాయంత్రం దాకా అట్లే ఉంటాది."

ఆస్పత్రిలో మేడమ్‌ను, చర్చిలో అక్కనయ్యాను. తిడదామని నోరు తెరిచాను కానీ నోట్లో ఇంకా సుద్ద ఉంది.

"ఎందుకమ్మా చెప్పలేదు?"

"ఎట్ల జెప్పేదక్కా? ఫస్టుసారి నేను వచ్చినప్పుడు నా ముందర ఒకామె బారు దిగలేదనింది. మీరు అరిచినారు. ఆయమ్మ ఏడ్సుకుంటా పాయ. నేను నోరు మూసుకుంటి."

"ఆ టిక్కులు?"

"డోన్ స్టేషన్లో రైలు వచ్చేలోపల పెడతాంటి. నెల్దీ ఒకేసారి."

"పారెయ్యకపోయావా, దేవుడికెందుకు ఇచ్చావు?"

"తినే వస్తువు పారేస్తే పాపం గదక్కా. సీలు ఇప్పలేదు, ఎలక ముట్టలేదు. ఉండేదాంట్లో మంచిదే ఇస్తి." నా మొహం చూసి, మెల్లగా అంది. "మీరు గూడా మైకులో బాగుందనే అంటిరి గదా."

రెండువందల మందికి భయపడి నేను ఆడిన అబద్ధమే, నా ఒక్కదానికి భయపడి ఆమె నెలనెలా ఆడింది. నాకు పోయింది పరువు. ఆమెకు ప్రాణం మీదికి వచ్చింది.

ఇంతటితో నాకు బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో. రాలేదు. అవమానపడ్డ మనిషికి ఉన్నట్టుండి దేశభక్తి పుడుతుంది. "ఆ బార్లను గంగలో కలుపు. మన వేరుశెనగ బుడ్డలు లేవా, మన పుట్నాలు లేవా? వేయించి దంచి, కాస్త బెల్లం వేసి ఉండలు చేసుకుని తిను," అని అక్కడికక్కడే చెప్పేశాను. మన వేరుశెనగ ఉండ ముందు ఏ విదేశీ బారూ చాలదని పొద్దున్నే ఫోన్లలో తిరిగే సందేశాలు ఉంటాయి చూడండి, వాటిని నేనే అంతవరకూ క్లాసుల్లో ఎద్దేవా చేసేదాన్ని. కాస్త బెల్లం అంటే ఎంతో నేను చెప్పలేదు. వంటమనిషి ఆమె. రుచి కుదరాల్సినంత వేసింది.

గురువారం ఓపీకి బయల్దేరుతూ రెండు ఉండలు తిన్నది. డోన్ ప్లాట్‌ఫాం మీద గుండె దడదడలాడి, చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోయింది. ఈ ఆపరేషన్ అయినవాళ్లకు తీపి ఒక్కసారిగా పేగులోకి జారితే ఇట్లాగే అవుతుంది. నేను పదేళ్లు పాఠం చెప్పిన విషయమే. ఆమెను కారులో తీసుకొచ్చి పడుకోబెట్టి సెలైన్ పెట్టారు.

సర్జన్ వచ్చి, "బెల్లం ఉండలు తినమని ఎవడు చెప్పాడు ఈవిడకు?" అని వార్డంతా వినపడేటట్టు అడిగాడు. మంచం మీంచి ఆమె నా వైపు చూసింది. "ఎవురూ జెప్పలేదు సార్, నేనే..." అని మొదలుపెట్టింది.

"నేను చెప్పాను సార్," అన్నాను.

ఆ మాట అనడానికి నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. ఆమె నా కోసం ఇంకో అబద్ధం ఆడబోవడం అంతకంటే కష్టంగా తోచింది. సర్జన్ మూడు వారాలు గడువిచ్చాడు. ఈలోపు రక్తంలో ప్రొటీన్ కదలకపోతే ట్యూబే.

కమిటీని మళ్లీ కూర్చోబెట్టాను. నా డబ్బాలో మిగిలిన బార్లు తలా ఒకటి ముందు పెట్టి, "తిని మాట్లాడదాం," అన్నాను. అకౌంట్స్ ఆఫీసరుకు అప్పుడే షుగరు గుర్తొచ్చింది. ఫార్మసీ ఇన్‌చార్జికి పంటి నొప్పి. సర్జన్ ఆ రోజు ఉపవాసమన్నాడు, ఏ దేవుడికో చెప్పలేదు. మార్కెటింగ్ మేనేజరు తన బారును జేబులో పెట్టుకుని, "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి మేడమ్. రుచిదేముంది, మందులాంటిది, కళ్లు మూసుకుని తినాలి," అన్నాడు. "మీరు కళ్లు తెరుచుకునే తినండి, నేను చూస్తాను," అన్నాను. ఫోన్ వచ్చిందని బయటికి వెళ్లి తిరిగి రాలేదు.

సరే, నా తిప్పలు నేను పడ్డాను. కర్నూలులో జిమ్ముల పక్కన కొట్లు, పెద్ద మందుల షాపులు తిరిగి ఆరు రకాలు తెచ్చాను. ఈసారి ఒక్కొక్కటీ ముందు నేనే తిన్నాను. రేపరు వెనక చిన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదివితే రెండింటిలో పేరుకే ప్రొటీన్, అసలుది చక్కెర. పైన పటారం, లోన లొటారం. వాటిని పక్కన పెట్టాను. మూడోదాంట్లో చక్కెర లేదని గొప్పగా రాసి, దాని బదులు వేరే తీపి మందు పోశారు. అది తిన్న మధ్యాహ్నం ఓపీలో నా కడుపు చేసిన చప్పుడుకు పేషెంటు భయపడి స్టెతస్కోపు తెచ్చుకోమన్నాడు. మిగిలినవి మూడు.

వాటిని గోరంత ముక్కలు కోసి ప్లేట్లలో పెట్టి, ఆపరేషన్ అయినవాళ్లను నలుగురిని పిలిచాను. తలుపు మూశాను. "బాగుందని ఎవరైనా అన్నారంటే తిడతాను. బాగలేదని చెప్పండి, ఎందుకు బాగలేదో చెప్పండి," అన్నాను. నలుగురూ మూసిన తలుపు వైపు చూశారు. పాపం, పులి సాధువైందంటే మేకలు వెంటనే నమ్ముతాయా.

మొదట తెగించింది మంగంపేట నుంచి వచ్చే లారీల ఆసామి. అక్కడి గనుల్లో ముగ్గురాయి తీస్తారు, ఈయన తోలిస్తాడు. మొదటి ముక్క నమిలి, "మా గని కాడ ముగ్గురాయి దుమ్ము అచ్చం ఇట్లనే ఉంటాది మేడం. అది ఊరికే నోట్లో పడతాది," అన్నాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. దాంతో గది తేలికపడింది.

ఆమె వంతు వచ్చింది. మంచం దిగి పది రోజులు కూడా కాలేదు. ముక్కను నోట్లో పెట్టుకోలేదు, ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండోదాన్ని వాసన చూసి, "సబ్బు డబ్బీలో పెట్టిన బిస్కెట్టు," అని కింద పెట్టేసింది. మూడోది బుడ్డలది, తీపి తక్కువ. కొరికింది. మేం చెప్పినట్టే మెత్తగా అయ్యేదాకా నమిలింది, మింగింది, గుండె మీద చెయ్యి పెట్టుకుని కాసేపు చూసుకుంది. తర్వాత నన్ను అడక్కుండానే ఇంకో ముక్క తీసుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవడానికి ఫైలు తిరగేశాను.

"ఉప్పు తెలిసినోడు చేసినాడక్కా దీన్ని," అంది. "కానీ సప్పగా ఉండాది. పల్సగా కోసి పెనం మీద రోంత ఎచ్చజేసి, కారప్పొడి అద్దుకుంటే తప్పా?"

ప్రొటీన్ బారుకు కారప్పొడి. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ కంపెనీవాడూ కలలో కూడా అనుకుని ఉండడు. పొట్టకు మంటైతే ఆపేయమని చెప్పి, చిటికెడుకు ఒప్పుకున్నాను. రాయలసీమ నాలుకకు తీపి మందు రాసి నెలలకు నెలలు వృథా చేసింది నేను. మీకు చెప్పేది కూడా ఇదే. బారులో ప్రొటీన్ ఎంతో, చక్కెర ఎంతో రేపరు చెబుతుంది. దాన్ని మనిషి తింటాడా లేదా అన్నది ఆ మనిషి చెప్పాలి. పెరుగు, పప్పు కట్టు, వాటితోపాటు కారం అద్దిన ఆ సగం బారు తిని, పూటపూటకూ నాకు ఫోన్ చేసి చెప్పేది. తిననిరోజు తినలేదనే చెప్పేది. ఆ ఫోన్లకు నేను తిట్లు మింగడం నేర్చుకున్నాను, అది ఆ పాత బారు మింగడంకంటే కష్టం.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. ప్రొటీన్ కొంచెమే కదిలింది, కానీ పైకి కదిలింది. సర్జన్ ట్యూబు మాట ఎత్తలేదు. రెండు నెలలకు పాదాల వాపు తీసింది. వేసవిలో ఒక పెళ్లికి పొయ్యి ముందు నిలబడి నాలుగువందల మందికి వండిందని ఆమె భర్త ఫోటో పంపాడు. ఫోటోలో ఆమె మొహం ఆవిరి మాటున సరిగా కనబడలేదు, నిలబడిందని మాత్రం కనబడింది. నాకు అది చాలు.

నా రిటైర్మెంటు రోజున ఆస్పత్రివాళ్లు సభ పెట్టారు. శాలువా, పూలదండ, రంగు కాగితం చుట్టిన బుట్ట. మార్కెటింగ్ మేనేజరు నా సేవల గురించి మాట్లాడుతూ నా పేరు రెండుసార్లు తప్పు పలికాడు. గదికి వచ్చి బుట్ట విప్పితే రెండు యాపిల్ పండ్లు, ఒక గోడ గడియారం, అడుగున కొండెక్కుతున్న మనిషి. స్టోర్లో మిగిలిపోయిన సరుకు. వచ్చే నెలతో గడువు అయిపోతుంది.

ఆ రోజే ఆమె చెకప్‌కు వచ్చింది. చార్టు నా ముందు పెట్టింది. కొన్ని గళ్లలో నీలం టిక్కు, కొన్నిట్లో నలుపు, ఒక చోట పెన్సిలు, ఒక చోట పసుపు మరక. తొమ్మిది గళ్లు ఖాళీ. ఒక ఖాళీ గడి పక్కన వంకర అక్షరాలతో "ఈ పొద్దు తినలే, ఏవగింపు" అని రాసి ఉంది. ముప్పై ఏళ్లలో ఎన్ని చార్టులు చూశానో లెక్కలేదు. అన్నింట్లోకీ నేను నమ్మింది ఇది ఒక్కటే. చూశానని సంతకం పెట్టాను.

ఆమె చూపు బుట్టలో డబ్బా మీద పడింది.

"ఇది మీకిచ్చినారా అక్కా? తింటారా?"

"తింటాలే," అన్నాను, అలవాటు కొద్దీ.

ఆమె నవ్వలేదు. నా టేబుల్ మీంచి ఒక ఖాళీ చార్టు తీసి, నా పెన్ను దాని మీద పెట్టి, నా వైపు జరిపింది.

"దినామూ తిని టిక్కు పెట్టండక్కా. వచ్చే నెల మీ ఇంటికొచ్చి చూస్తా."